ఎలీసమ్మ చదివిన 'రెండో కోత'

పుస్తకం ముగించి అట్ట మూసిన రెబెకా మళ్ళీ తెరిచింది. చివరి పుటల అంకెలు ఒక్కొక్కటే సరిచూసుకుంది. ప్రెస్సులో ఒక ఫారం, అంటే కొన్ని పుటల కట్ట, జారిపోయి ఉంటుందన్నది ఆమె మొదటి అనుమానం. అంకెలన్నీ వరుసగా ఉన్నాయి. కుట్టు బిగువుగా ఉంది. ఎక్కడా కాగితం చిరిగిన జాడ లేదు. నవల నిజంగానే అక్కడ అయిపోయింది. చిన్నప్పటి నుంచి ఆమె గుండెలో పెట్టుకుని తిరిగిన ఘట్టం మాత్రం అందులో లేదు.

బల్ల మీద ఆహ్వానపత్రిక ఉంది. వచ్చే శనివారం చిలకలూరిపేట గ్రంథాలయం హాల్లో నవలాకారుడు ఉప్పుటూరి సాంబమూర్తి శతజయంతి సభ. 'రెండో కోత' నవలపై ప్రధానోపన్యాసం శ్రీమతి రెబెకా, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని. ఆ అక్షరాల పైన ఒక గీతల బొమ్మ. అందులో ఒక స్త్రీ చెంబు ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్న మగవాడు దోసిలి పట్టాడు. పైనుంచి నీళ్ళ ధార అతని చేతుల్లో పడుతోంది. నవలలో లేనిది సరిగ్గా ఆ ఘట్టమే.

సాంబమూర్తి ఈ నేల రచయిత. పత్తి, మిరప, పొగాకు పండే ఈ మైదానాన్ని ఆయన రాసినంత నమ్మకంగా మరొకరు రాయలేదని రెబెకా అభిప్రాయం. ఆయన తక్కిన నవలలన్నీ ఆమె ఇంట్లో ఉన్నాయి. కొన్నింటికి అట్టలు అరిగితే మళ్ళీ బైండు చేయించింది. అందరూ ఆయన శిఖరమని చెప్పుకునే 'రెండో కోత' మాత్రం చాలాకాలంగా అచ్చులో లేదు. దొరకని కొద్దీ దాని పేరు పెరుగుతూ పోయింది. ఇప్పుడు శతజయంతి సంఘం దాన్ని మళ్ళీ వేసింది. మొదటి ప్రతిని సంఘం కార్యదర్శి శివరామకృష్ణ స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. పత్తి వ్యాపారం చేసుకునే శివరామకృష్ణ ఒకప్పుడు ఆమె దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాడు. టీచరుగారు ఏ పాఠం మొదలుపెట్టినా ఏదో ఒక దారిన ఆ నీళ్ళ ఘట్టానికి వచ్చేవారని అతనికి బాగా గుర్తు. పత్రిక మీద ఆ బొమ్మ వేయించాలన్న ఆలోచన అతనిదే.

నవల కథ ఇదీ. నాగరత్నం అనే రైతు ఇల్లాలిని, మిరప చేను మొదటి కోత నాడు, భర్త వీరాస్వామి వదిలేసి పట్నంలో మరొకామె దగ్గరకు పోతాడు. నాగరత్నం ఒంటరిగా చేను నిలబెడుతుంది. రెండో కోత నాటికి వాడు చితికిపోయి కాళ్ళీడ్చుకుంటూ తిరిగి వస్తాడు. రెబెకా ఎరిగిన నవలలో అప్పుడు నాగరత్నం ఏడవదు, తిట్టదు. చెంబుతో నీళ్ళు తెస్తుంది. గ్లాసు ఇవ్వదు. పైనుంచి పోస్తుంది. వాడు దోసిలి పట్టి తాగుతాడు. "నీళ్ళిచ్చినంత మాత్రాన ఏలుకున్నట్టు కాదు" అని ఒక్క మాట అని, కోత నడుస్తోంది కనుక చేలోకి వెళ్ళిపోతుంది.

అచ్చయిన నవలలో నాగరత్నం పరుగున వచ్చి భర్త పాదాల మీద పడుతుంది. కన్నీళ్ళతో వాటిని కడుగుతుంది. తాళంచెవుల గుత్తి అతని చేతికిచ్చి, జ్వరం తగిలి, ఎండు మిరప రాశి పక్కన అతని ఒళ్ళో తల పెట్టుకుని చిరునవ్వుతో ప్రాణం విడుస్తుంది.

రెబెకా కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఎంతో గౌరవించే మనిషి పదిమందిలో పేలవంగా మాట్లాడుతుంటే తల దించుకుని వినవలసి వచ్చినట్టు ఉంది ఆమెకు. ఆ బాధ వెనకే మరో ప్రశ్న వచ్చింది. ఆ ఘట్టం ఆయన రాయకపోతే, మరి ఎవరు రాశారు?

ఆమె ఆ నవలను ఎన్నడూ చదవలేదు. విన్నది.

రెబెకా చిన్నతనంలో పేట శివార్లలో మిరపకాయల వ్యాపారి ఒకాయన వేసిన రేకుల షెడ్డు ఉండేది. ఎండుకాయ టిక్కీలు, అంటే కాయ కుక్కి కుట్టిన గోనె బస్తాలు, లారీల మీద వచ్చి అక్కడ దిగేవి. ఆడవాళ్ళు బారులుగా కూర్చుని కాయల తొడిమలు తీసేవారు. ముక్కుకు, నోటికి పాత చీరగుడ్డ కట్టుకునేవారు. చేతుల మంటకు ఆముదం రాసుకునేవారు. రెబెకా తల్లి సలోమి వాళ్ళలో ఒకతె. సలోమికి అక్షరం రాదు. బడికి సెలవులిస్తే కూతురిని వెంటబెట్టుకుని వచ్చేది.

ఆ బారులో గోడ వైపు కూర్చునే మనిషి ఎలీసమ్మ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పుట్టింది. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. పై చదువు చదివి టీచరు కావాలనుకుంది. జిన్నింగ్ మిల్లులో దూది బేళ్ళు మోసే జక్రయ్యను చేసుకుని పేటకు వచ్చింది. చదువు అక్కడ ఆగింది గాని చదవడం ఆగలేదు. ప్రతి ఆదివారం చర్చిలో బల్ల దగ్గర నిలబడి వాక్యం చదివేది ఎలీసమ్మే. అక్కడ పాస్టరు గారు పెట్టిన నియమం ఒకటి ఉంది. చదివేవారు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ఆ నియమాన్ని ఎలీసమ్మ ఎన్నడూ దాటలేదని చర్చి సంఘమంతా ఎరుగును.

వారంలో తక్కిన రోజులు ఆమె షెడ్డులో నవలలు చదివేది. పుస్తకాలు మిషన్ బడి బీరువాలోంచి వచ్చి, అయిపోగానే తిరిగి అక్కడికే పోయేవి. మేస్త్రి గఫూర్ మొదట ఒప్పుకోలేదు. తరవాత గమనించి ఊరుకున్నాడు. "నోళ్ళు మూతపడి చేతులాడుతున్నాయి. ఇంతకాలం నేను అరిచి సాధించలేనిది ఆ పుస్తకం సాధించింది. చదవనీ" అన్నాడట.

చదివే మనిషి చేతులు పుస్తకానికి పోతాయి. అందుకని ఆ షెడ్డు ఆడవాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారు. సాయంత్రం కాటా వేసేముందు ప్రతి ఒక్కరూ తన రాశిలోంచి ఒక దోసెడు కాయలు ఎలీసమ్మ గంపలో పోసేవారు. ఎవరూ అడిగేది లేదు, చూసేది లేదు. కథ కుదిరిన రోజున దోసిలి నిండుగా ఉండేది. కుదరని రోజున కొంచెం పలచబడేది. రెబెకా కూడా తన చిన్న దోసిలి పోసేది. ఆ గంప ముందు నిలబడటం ఆమెకు చర్చిలో కానుక వేయడం కన్నా గొప్పగా ఉండేది. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆ స్త్రీల మధ్య, గాలిలో కారం ఆడుతుండగా, గుడ్డ కిందికి లాగి గొంతెత్తి చదివే ఒక మనిషి స్వరంతో ఎక్కడో ఒక చేను పచ్చబడటం, ఒక బండి కదలడం, ఒక స్త్రీ లేచి నిలబడటం ఆమె చూసింది. తాను చదువుల్లోకి రావడానికి అదే కారణమని రెబెకా ఎప్పుడూ చెబుతుంది. గుంటూరు మిషన్ హాస్టల్లో ఇంగ్లీషు మీడియంలో చేరినా, ఆ తరవాత ఎన్ని పెద్ద పుస్తకాలు చదివినా, ఆ స్వరంతోనే పోల్చి చూసుకునేది.

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు రెబెకా పిల్లల పేర్లు చూసేది కాదు. పేరు చూసి మార్కు వేయడం ఎంత తప్పో, తన నిరాశను బట్టి మార్కు కోయడం కూడా అంతే తప్పని ఆమె నమ్మకం. కనుక పెన్సిలు పట్టుకుని నవలను మొదటి నుంచి మళ్ళీ చదివింది. తనకు గుర్తున్న ప్రతి గొప్ప చోటునూ వెతికింది.

ఫలితం ఆమె ఊహించినట్టు లేదు. మొదటి సగంలో గుర్తున్నవన్నీ ఉన్నాయి. తెల్లవారుజామున విచ్చిన పత్తి చేను ఉంది. వాన మబ్బు చూసి కల్లం మీద కాయను పోగుచేసే పరుగులాట ఉంది. కల్లంలో ఆరే మిరప గురించిన పుట ఉంది. అవి చదువుతున్నప్పుడు ఒంటి మీద రోమాలు లేచాయి. అవి రాసిన చేయి గొప్పదే. సందేహం లేదు. రెండో సగంలో, నాగరత్నం మనసు తెరవాల్సిన చోటల్లా ఆ చేయి తడబడింది. అక్కడ మనిషికి బదులు కన్నీళ్ళున్నాయి. తన జ్ఞాపకంలో ఉండి అచ్చులో లేనివన్నీ ఆ సగానివే.

ఆయనది చిన్న వయసు అయి ఉండవచ్చు. పాఠకులు అలాంటి ముగింపే కోరి ఉండవచ్చు. దేనికీ ఆధారం లేదు కనుక రెబెకా ఆ ఊహలన్నీ పక్కన పెట్టింది. ఇక ఒకే ఒక్క సాక్షి మిగిలింది. పుస్తకం, ఆహ్వానపత్రిక సంచిలో వేసుకుని మిషన్ కాంపౌండు వెనక వీధికి బయలుదేరింది.

ఎలీసమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటింది. కళ్ళకు ఆపరేషన్ అయింది. కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంది. చర్చిలో ఇప్పటికీ ఆమే చదువుతుంది. నిలబడలేకపోతే కుర్చీ వేస్తారు.

"ఏందమ్మాయ్, ముఖం అట్టా పెట్టావు? ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు పెద్దమ్మా. ఒక పుస్తకం చదివాను."

"పుస్తకానికి ఇంత ముఖమా. ఇటియ్యి."

ఎలీసమ్మ పుస్తకం అందుకుని అట్ట నిమిరింది. పేరు చదివింది. ముడతల మధ్య నుంచి నవ్వు వచ్చింది. "మళ్ళీ ఏశారే. పాతదానికి అట్ట మీద ఎద్దులబండి ఉండేది."

"నాగరత్నం నీళ్ళు పోసే చోటు ఇందులో ఎక్కడుందో చూపించు పెద్దమ్మా."

ఎలీసమ్మ కళ్ళజోడు ఎత్తి ఆమె వంక చూసింది. "అది దీంట్లో ఎందుకుంటదమ్మా?"

కోసిన కాయ ఇంకా చెట్టునే ఎందుకుంటుంది అన్నంత మామూలుగా ఉంది ఆ జవాబు. రెబెకా మంచం పట్టె మీద కూర్చుంది.

"మొదటి రోజు ఉన్నది ఉన్నట్టే చదివాను" అంది ఎలీసమ్మ. "ఆ పిల్ల వాడి కాళ్ళ మీద పడిందని చదివితే ఖాజాబీ లేదూ, నీకు గుర్తుందో లేదో, నల్ల ముసుగేసుకుని నా పక్కనే కూర్చునేది, అది చేతిలో కాయ కింద పడేసింది. 'ఏందక్కా, అంత చేను చేసిన ఆడది వాణ్ణి చూసి కాళ్ళ మీద పడిద్దా? బుర్ర తిరిగిందా దానికి?' అంది. నేనేం రాశానా, ఆయన రాశాడు, నేను చదివాను అన్నా. 'అయితే ఆయన్ని పిలుచుకురా, నాలుగు కాయలు తీయిస్తా' అంది. ఒకటే నవ్వులు. కానీ సాయంత్రం చూస్తే నా గంపలో ఒక్క దోసెడు పడలా. ఖాళీ గంప."

"ఎవరూ పోయలేదా?"

"మీ అమ్మ కూడా పోయలా. కోపం నా మీద కాదు, వాళ్ళకి ఆ పిల్లంటే అంత ఇది. దాన్ని చంపేశానని. మరుసటి రోజు పొద్దున్నే అడిగా, సరే మరి, మీరే చెప్పండి, వాడొచ్చాడు, అదేం చెయ్యాల? అని. ఖాజాబీ చీపురుతో కొట్టమంది. ఒకతె తలుపేసుకోమంది. మీ అమ్మ మాట్టాడలా. చేతులాడుతూనే ఉన్నాయి. చివరికి అంది, 'ఎండన పడొచ్చినోడికి నీళ్ళియ్యకుండా ఎట్టా?' అని. ఖాజాబీ ఎగిరిపడింది. 'నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, పక్క కూడా ఎయ్యమంటావా?' అంది. మీ అమ్మ తల కూడా ఎత్తకుండా అంది. 'నీళ్ళిచ్చినంత మాత్రాన ఏలుకున్నట్టు కాదుగా.'"

 ఆ వాక్యాన్ని రెబెకా ఎన్ని తరగతులకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఆ రచయిత మేధకు అదొక్కటే చాలిన సాక్ష్యమని, రెండు ముక్కల్లో దయనూ, ఆత్మగౌరవాన్నీ ఒకే చోట నిలబెట్టాడని బోర్డు మీద రాసి వివరించింది. అది వేలిముద్ర వేసే తన తల్లి, మిరపకాయ తొడిమ తీస్తూ, తల ఎత్తకుండా అన్న మాట.

"అమ్మ ఎప్పుడూ చెప్పలేదే" అంది.

"ఏం చెప్పిద్ది? మాటల్లో మాటన్నది. అది పుస్తకంలోకి పోయిందని దానికి తెలుసు. నేను చదువుతుంటే ముసుగులో నవ్వుకునేది."

"గ్లాసు ఇవ్వకుండా పైనుంచి పోయడం? అదెవరి మాట?"

"అది నాది" అంది ఎలీసమ్మ. గొంతులో ఏ మార్పూ లేదు. "నీళ్ళిస్తదని తేలాక, ఎట్టా ఇస్తదని చూశాను. గ్లాసు ఎట్టా ఇస్తదమ్మా? ఆసాముల కల్లాల్లో మనకెవరిచ్చారు గ్లాసు? పైనుంచి పోసేవోళ్ళు, మనం దోసిలి పట్టేవోళ్ళం. ఆ రోజు ఒక ఆసామి దోసిలి పట్టాడు. ఆ మాట చదివితే షెడ్డులో ఒక్క చెయ్యి కదల్లేదు. గఫూర్ మేస్త్రి వచ్చి, ఏమైందే మీకు అన్నాడు. ఎవురూ పలకలా. సాయంత్రం నా గంప పొంగి కింద పోయింది."

వీధిలో ఎవరో మోటారుసైకిలు తోలుకుంటూ పోయారు.  ఈ ఘట్టం గొప్పదని రెబెకా జీవితమంతా ఎరుగును. ఎందుకు గొప్పదో ఈ రోజు దాకా ఎరగదు.

ఆమెలోని ఉపాధ్యాయిని మాత్రం ఇంకో ప్రశ్న అడగక తప్పలేదు. "మరి మొదటి సగం పెద్దమ్మా? కల్లం గురించిన పుట? అందులో ఏమన్నా మార్చావా?"

సమాధానంగా ఎలీసమ్మ కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. "కల్లం మీద పరిచిన నాడు కాయ ఎరుపు కాదు. ఎండ తాగాక ఎరుపు. ఆ ఎరుపును చూడటానికి కళ్ళు చాలవు. ముక్కు కావాలి, గొంతు కావాలి, పక్కింటివాడి దగ్గు కూడా కావాలి..." రెబెకా పుట తెరిచి వేలితో వెంబడించింది. పుట చివరి దాకా ఒక్క మాట తేడా రాలేదు.

"బాగున్న చోట నేనెందుకు ఏలు పెడతానమ్మా?" అంది కళ్ళు తెరిచి. "ఆయన మహానుభావుడు. కాయను ఎరిగినోడు. ఆడదాన్ని ఎరగడు, అంతే."

ఇక అడగవలసింది ఒకటే మిగిలింది. రెబెకా ఆహ్వానపత్రిక ఆమె చేతిలో పెట్టి అడిగింది. శనివారం సభలో ఈ సంగతి చెప్పవచ్చునా? చెప్పకపోతే చదవని నవలను పొగిడే తన అలవాటు మరో సభకు పొడిగించినట్టే. చెబితే, పుస్తకానికి మాటలు కలిపి చదివిన మనిషి ఎలీసమ్మ అని ఊరంతా తెలుస్తుంది.

 ఎలీసమ్మ మెడలోని నల్లదారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మొదటిసారి ఆమె ముఖంలో బెరుకు కనిపించింది.

"ఆదివారం బల్ల కాడ చదివేది వేరు రెబెకమ్మా. అక్కడ నేను ఒక్క మాట కలిపానని ఎవరన్నా అనుకుంటే... ఇది షెడ్డులోనే కలిపింది, ఇక్కడ కలపదని ఏం నమ్మకం అంటే? నాకు మిగిలింది ఆ చదువే."

"అయితే చెప్పను పెద్దమ్మా. ఆరోగ్యం బాగాలేదని కబురు పెడతాను."

"అబద్ధం ఎందుకు?" అంది ఎలీసమ్మ. పత్రిక మీది బొమ్మను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నువ్వు చెప్పకపోతే ఇది ఆయనదవుద్ది. మీ అమ్మ మాట ఆయన మాటవుద్ది. ఖాజాబీ పోయింది, మీ అమ్మ పోయింది. నేనూ పోతే ఇంక చెప్పేవోళ్ళెవురు?" పత్రిక మడిచి ఇచ్చింది. "నేనొస్తా. నువ్వు చెప్పొద్దు, నేనే చదువుతా. పాస్టరు గారిని కూడా పిలువు. ఏ పుస్తకానికి కలిపానో, ఏ పుస్తకానికి కలపలేదో నా నోటే ఇననీ."

శివరామకృష్ణకు ఫోను చేస్తే అతను ముందు నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయింది.

"మేడమ్, కార్డులన్నీ పంచేశామండి. ఫ్లెక్సీ కూడా హైవే మీద కట్టేశారు, చెంబుతో సహా."

"నువ్వు నవల చదివావా శివరామకృష్ణా?"

"ఫస్ట్ చాప్టర్ సూపర్ అండి మేడమ్."

"చివరిది?"

"చివరిది మీరు చెప్పారుగా మేడమ్."

ఆమె నవ్వకుండా ఉండలేకపోయింది. ఊళ్ళో అందరూ మెచ్చుకునే ఆ నవల చివరి పుట దాకా వెళ్ళినవారు తనతో కలిపి ఎంతమంది ఉంటారో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"అది కాదండి మేడమ్" అన్నాడు శివరామకృష్ణ, గొంతు తగ్గించి. "ఆయన ఫంక్షన్‌లో ఆయన పుస్తకం బాలేదంటే పెద్దాయన పేరు పోదాండి?"

"కల్లం పుట నేను చదువుతాను. ఆయన పేరు అక్కడ ఉంది, ఎవరూ తీయలేరు. లేనిచోట ఉందని చెబితేనే పోతుంది. ఇంకో కుర్చీ వేయించు. కొంచెం ఎత్తుగా ఉండేది."

శనివారం సాయంత్రం హాలు నిండింది. మిల్లుల వాళ్ళు, టీచర్లు, కాలేజీ పిల్లలు వచ్చారు. వెనక వరుసల్లో మిషన్ కాంపౌండు వీధి ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ ముందు వరుసలో పాస్టరు గారు.

రెబెకా మాట్లాడింది తక్కువ. కల్లం పుటను పూర్తిగా చదివింది. చదువుతుంటే హాల్లో ఎవరో నిజంగానే దగ్గారు. ఆ తరవాత, పత్రిక మీది బొమ్మ ఈ నవలలో లేదని, అది ఉందని ఇంతకాలం చెప్పినది తానేనని, తాను దాన్ని విన్నది కథకు దోసెడు కాయలు పడే గంప ముందు, మిరప షెడ్డులోనని, నవల చివరి భాగం తనను నిరాశపరిచిందని ఏ అలంకారమూ లేకుండా చెప్పింది. హాల్లో గుసగుసలు లేచాయి. అవి తగ్గేదాకా ఆగింది.

"సాంబమూర్తి గారిని నేను తప్పు పట్టడం లేదు" అంది. "ఆయన గదిలో ఒంటరిగా కూర్చుని రాశారు. ఆయన ముందు గంప లేదు. ఉండి ఉంటే, ఖాళీ గంపతో ఒక్క సాయంత్రం ఇంటికి వెళ్ళి ఉంటే, మర్నాడు ఆయనే ఇంకో ప్రకరణం రాసుకుని వచ్చేవారని నా నమ్మకం. ఆ గంప ఎవరి ముందు ఉండేదో ఆమె ఇక్కడే ఉంది."

ఎలీసమ్మను ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. కుర్చీలో కూర్చోలేదు. పుస్తకం అడిగింది. "చేతిలో పుస్తకం లేకపోతే నాకు గొంతు పెగలదు" అంది. మైకు పట్టుకోవడానికి చెయ్యి చాలదు కనుక రెబెకా పక్కన నిలబడి మైకు పట్టుకుంది. తెరిచిన పుట ఇద్దరికీ కనిపిస్తోంది.

"ఆదివారం నేను చదివేదాంట్లో కలపను, తియ్యను" అంది ఎలీసమ్మ ముందుగా. "అది దేవుడిది. ఇది మనుషులది. ఇప్పుడు చదివేది సాంబమూర్తి గారు రాసింది కొంత, మా షెడ్డుది కొంత. షెడ్డులో ఉన్నోళ్ళు సలోమి, ఖాజాబీ, ఇంకా చాలామంది."

పాస్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఆమె వేలు మొదటి పంక్తి కిందికి వెళ్ళింది. "మిట్టమధ్యాహ్నం వీరాస్వామి పొలిమేర దాటాడు. దుమ్ము మోకాళ్ళ దాకా ఉంది." అచ్చులో ఉన్నది అదే. తరవాతి పంక్తి 'నాగరత్నం పరుగున వచ్చి అతని పాదాల మీద పడింది' అని ఉంది. ఎలీసమ్మ వేలు ఆ పంక్తి కింద నెమ్మదిగా, మాట మాటకూ ఆగుతూ కదిలింది. స్వరం మాత్రం ఇలా అంది. "నాగరత్నం లేవలేదు. చేతిలో ఉన్న కాయకు తొడిమ తీసింది. గంపలో వేసింది. అప్పుడు లేచింది."

రెబెకా ఆ వేలినే చూసింది. అది ఒక్క పంక్తిని కూడా దాటవేయడం లేదు. 'ఎండ రాశి మీద కాగుతోంది' అన్న మంచి మాట రాగానే స్వరం దాన్ని అలాగే ఎత్తుకుంది. కన్నీళ్ళు రాగానే వదిలి, చెంబు అందుకుంది. ఎక్కడ అచ్చు ముగిసి ఎక్కడ షెడ్డు మొదలవుతోందో వింటున్న వాళ్ళకు తెలియదు. పుటను చూస్తున్న రెబెకాకు తెలుస్తోంది. తెలిసినా అతుకు దొరకడం లేదు. ఒక పెద్ద రచయితా, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళూ ఒకే గొంతులో పక్కపక్కనే నడుస్తున్నారు. పేపర్లు దిద్దడం అలవాటైన ఆమె కంటికి ఇప్పుడు దిద్దవలసినది ఏదీ కనిపించలేదు.

వీరాస్వామి గ్లాసు కోసం చూశాడు. నాగరత్నం చూడలేదు. చెంబు పైకి లేచింది.  చివరి వరుసలో ఒకామె, తనకు తెలియకుండానే, ఒళ్ళో రెండు చేతులూ దోసిలిగా పట్టుకుని వింటోంది.

"నీళ్ళిచ్చినంత మాత్రాన" అని చదివి, ఎలీసమ్మ ఒక్క క్షణం రెబెకా వైపు చూసింది. "ఏలుకున్నట్టు కాదు అంది నాగరత్నం."

అక్కడికి అచ్చు అయిపోయింది. నవల చివరి పంక్తి పుట సగంలోనే ముగిసింది. దాని కింద అంతా తెల్ల కాగితం. ఎలీసమ్మ వేలు ఆగలేదు. ఆ ఖాళీ మీద, లేని పంక్తి కింద, ఎడమ నుంచి కుడికి అదే నెమ్మదితో కదులుతూ, చేలో ఇంకా మిగిలిన కోత గురించి చదువుతూనే ఉంది.